అంబాసిడర్‌కు ఏనుగు కాళ్ళు

ఇది నేను మా నాయన కారును అందంగా తయారు చేసి, ఆయన పరువును చర్చి గేటులో ఇరికించిన కథ. నవ్వాలనుకున్న వాళ్ళు ధారాళంగా నవ్వండి. బీదర్‌లో సగం మంది ఎప్పుడో నవ్వేశారు. మిగిలిన సగం మందికి ఆ రోజు అక్కడ లేకపోయామే అని ఇప్పటికీ బాధ. కాకపోతే ముందే చెబుతున్నాను, మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే ఆ బాధ్యత నాది కాదు. నాకు మాత్రం ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంది.

మా నాయన పేరు శామ్యూల్. ఊళ్ళో అందరికీ శామప్ప. గాంధీ గంజ్‌లో ఒక పప్పుల సేట్ దగ్గర డ్రైవరుగా జీవితమంతా గడిపాడు. సేట్ కొత్త కారు కొన్నప్పుడు పాత అంబాసిడర్‌ను నాయనకే ఇచ్చేశాడు. తెల్ల కారు. అంటే ఒకప్పుడు తెల్లది, తర్వాత తర్వాత పాత పంటి రంగుకు వచ్చింది. మాకు స్నానాలు చేయించడం అమ్మ పని, కారుకు చేయించడం నాయన పని. ఎవరి పని శుభ్రంగా జరిగేదో మా చిన్నప్పటి ఫోటోలు చూస్తే మీకే తెలుస్తుంది.

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం. చేలో, పెరట్లో మొదట చేతికొచ్చింది తెచ్చి దేవుడి ముందు పెట్టడం ఆనవాయితీ. కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒక్కోసారి మేకపిల్ల కూడా వస్తుంది. ఆరాధన అయ్యాక అన్నింటినీ వేలం పాడతారు. నడవలేని ముసలమ్మలను, వాళ్ళ కానుకలతో సహా, చర్చికి చేర్చడం మా అంబాసిడర్ బాధ్యత. ఎవరూ అప్పజెప్పలేదు, నాయన తానే నెత్తిన వేసుకున్నాడు.

ఇక ఆ చర్చి గేటు గురించి చెప్పాలి. ఇరుకు సందులోంచి వస్తూ వస్తూ ఒక్కసారిగా ఎడమకు తిరగాలి. కార్లున్న మహా మహా వాళ్ళంతా అక్కడ ముందుకూ వెనక్కూ కుస్తీ పడతారు, అద్దాలు గీసుకుంటారు, పండుగ పూట నోరు జారి పక్కనున్న పాస్టరు గారిని చూసి నాలుక కరుచుకుంటారు. మా నాయన మాత్రం స్టీరింగ్ ఒక్కసారి తిప్పి, ఒక్క కటింగ్‌లో లోపలికి తెచ్చేసేవాడు. గేటు దగ్గర నిలబడ్డ మగవాళ్ళు "వాహ్ శామప్పా!" అనేవాళ్ళు. నాయన ఏమీ విననట్టు ముఖం పెట్టి, ఏడాది పొడవునా ఆ మాట మీదే బతికేవాడు.

కొన్నేళ్ళ కిందట ఆయన చూపు మసకబారడం మొదలైంది. కళ్ళద్దాలు మారిస్తే సరిపోతుందనుకుని వెళ్ళాం. కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసి, నెమ్మదిగా చెప్పింది.

"కంటి నరం ఎండుకపోతాంది పెద్దాయనా. పోయిన చూపు మళ్ళ రాదు. ఉన్నదాన్ని మందులతోటి కొన్ని రోజులు ఆపుకుందాం. కారు మాత్రం బంద్ చెయ్యాలె."

ఇంటికొచ్చాక నాయన అమ్మ దగ్గర బేరం మొదలుపెట్టాడు.

"కోత పండుగ ఒక్కటి కానియ్యే. అవ్వలను చర్చిల దింపుత. ఇగ స్టీరింగ్ ముట్ట."

"ఎదురుంగ నిలవడ్డ నేనే నీకు సక్కగ కనవడ్తలేను. గేటు కనవడ్తదా?" అంది అమ్మ.

"గేటు నా చేతులకెరుక. కండ్లతోటి దానికి పనిలేదు."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట కాదు. చివరికి ఒప్పుకుంది, షరతుల మీద. పట్టపగలే పోవాలి, నడక కంటే వేగం పెంచకూడదు, నేను పక్కన కూర్చుని ఎవరు అడ్డొస్తున్నారో చెబుతుండాలి. ఆపదలు చూసి చెప్పడానికి నన్ను పెట్టడమే ఆమె చేసిన తప్పు, పాపం. అసలు ఆపద పక్క సీట్లోనే కూర్చోబోతోందని ఆమెకేం తెలుసు!

అప్పట్లో నేను కొల్హార్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. కొత్త ఉద్యోగం, కొత్త ఫోను, రెండింటితో తల బాగా తిరిగి ఉన్న కాలం. ఆ ఫోనులో పాత కార్లకు పెద్ద పెద్ద చక్రాలు తొడిగిన వీడియోలు చూసేవాణ్ణి. తళతళలాడే అల్లాయ్ చక్రాలు, రోడ్డు రోలరులాంటి టైర్లు, వెనక ఢమఢమ సంగీతం. నాయన చివరిసారి నడిపే రోజు ఊరంతా నోరు తెరుచుకుని చూడాలని నాకు కోరిక పుట్టింది. ఊరు నోరు తెరిచిన మాట నిజమే.

మా పేటలో ఖాజా భాయ్ టైర్ల దుకాణం ఉంది. ఆయనా నాలాగే ఆ వీడియోలే చూస్తాడు. మా ఇద్దరినీ ఒకచోట చేర్చడం దేవుడు చేయాల్సిన పని కాదు.

"ఖాజా భాయ్, అంబాసిడర్‌కు గింత పెద్ద చక్రాలు వడ్తయా?"

"ఎందుకు పడయి భయ్యా? బోల్టులు కూసుంటే చక్రం కూసున్నట్టే."

"లోపట తాకుతదేమో?"

"తాకితే మడ్‌గార్డు జర కోసేస్తం. గాడీ షేర్ లెక్క, సింహం లెక్క నిలవడ్తది, చూస్తుండు!"

నాయనకు సర్వీసింగని చెప్పి పండుగ ముందు రోజు బండి పట్టుకెళ్ళాను. ఖాజా భాయ్ మడ్‌గార్డుల అంచులు కోశాడు, వంచాడు, సుత్తితో బుజ్జగించాడు. కొత్త చక్రాలు ఎక్కాక కారు నిజంగానే ఎత్తుగా నిలబడింది. ముసలాయనకు మనవడి బూట్లు తొడిగినట్టుంది గానీ, ఆ పోలిక నాకు ఇప్పుడు తోస్తోంది, అప్పుడు మాత్రం గర్వంతో కళ్ళు చెమర్చాయి.

పరీక్షించకుండా ఇచ్చామని మాత్రం అనకండి. ఖాజా భాయ్, నేను, ఇద్దరం కలిసి హైదరాబాద్ రోడ్డు మీద తిప్పి చూశాం. ఇద్దరినీ కలిపి తూకం వేస్తే ఒక మనిషి బరువు రాదు. రోడ్డు గీత గీసినంత నేరుగా ఉంది. తిరిగి రావడానికి పక్కనున్న బీడులో పెద్ద సున్నా చుట్టాం. బండి సుతారంగా నడిచింది. ఖాళీ బండి తిన్నని రోడ్డు మీద నడవడం కూడా ఒక పరీక్షేనా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"పాత చక్రాలేం చేద్దాం భయ్యా? ఇంటికి తీస్కపోతవా?"

"అవి నాకెందుకు? నువ్వే ఉంచుకో," అన్నాను దర్జాగా.

నా జీవితంలో వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని అనిపించే మాటలు చాలా ఉన్నాయి. వాటన్నింటిలో ముందు వరస ఈ మాటది.

పండుగ పొద్దున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని బయటికొచ్చాడు. చేత్తో బానెట్ తడిమాడు. తలుపు తీసి కాలెత్తి పెట్టబోతే అందలేదు.

"ఏందిరా, సీటు గింత ఎత్తయింది?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. కానీ చర్చి ముందు, అందరి ఎదుట, చక్రాలు చూపించి ఆశ్చర్యపరచాలని నా పథకం. అందుకని నవ్వుతూ అన్నాను, "బండి ఎత్తు కాలే నాయనా, నువ్వే జర పొట్టిగైనవ్."

ఆయన నవ్వలేదు. "అయిన్నేమో," అని నా భుజం పట్టుకుని ఎక్కాడు.

స్టీరింగ్ తిప్పితే బరువుగా ఉంది. "చేతుల జోరు తగ్గింది రా," అన్నాడు. క్లచ్ వదిలితే బండి బద్ధకంగా కదిలింది. "కాలు గూడ ఇనేటట్లు లేదు." బండి చేసే ప్రతి పాపాన్నీ ఆయన తన వయసు ఖాతాలో వేసుకుంటుంటే నేను పక్కన కూర్చుని లోపల్లోపల మురిసిపోతున్నాను, ఇంకాసేపట్లో ఎంత సంబరపడతాడో అని. అంతటి తెలివి నాది.

సందు చివర శాంతవ్వ ఎక్కింది. మనిషి గుప్పెడంతే గానీ, ఆమె గుమ్మడికాయను ఎత్తడానికి నాకు రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. కాళ్ళు కట్టిన రెండు కోళ్ళను కూడా తెచ్చింది. తర్వాత ఆమె చెల్లెలు కంది మూటతో ఎక్కింది. ఆ తర్వాత ఆమె వియ్యపురాలు జొన్న సంచితో. వాళ్ళ గురించి చెప్పాలంటే, శాంతవ్వకు దక్కని కండంతా ఆ ఇద్దరికీ పోయింది. కారు వెనక భాగం నిట్టూర్చి కిందికి దిగింది.

కదలగానే వెనకనుంచి "గర్ర్ర్" అని చప్పుడు.

"ఎవలన్న పండ్లు కొరుకుతున్నరా?" అని అడిగాడు నాయన.

"నాకు పండ్లే లెవ్వు శామప్పా!" అంది శాంతవ్వ.

గుంత వచ్చినప్పుడల్లా గర్ర్ర్. గర్ర్ర్ అన్నప్పుడల్లా కోళ్ళు కొక్కొక్కో. కాసేపటికి మాడు వాసన మొదలైంది. శాంతవ్వ చెల్లెలు గాబరా పడిపోయింది. "అయ్యో, అన్నం పొయ్యి మీదనే ఇడిసి వొచ్చిన్నా ఏంది? ఇంటికి తిప్పు నాయనా!"

"మనది కాదు అవ్వా, ఎవలో చెత్త కాలవెడ్తున్నరు," అని అబద్ధమాడాను. అప్పటికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

చర్చి గేటు వచ్చింది. లోపల మొదటి కీర్తన మొదలైంది. గేటు దగ్గర మగవాళ్ళు రెండు వైపులా జరిగి, నాయన కటింగ్ కోసం దారిచ్చి నిలబడ్డారు. ఇదే ఆఖరిసారని అందరికీ తెలుసు. నాయన వీపు నిటారు చేశాడు. కళ్ళు దాదాపు మూసుకున్నాడు. ఎడమకు స్టీరింగ్ తిప్పాడు.

సగంలో ఆగిపోయింది. ముందు టైరు మడ్‌గార్డును పట్టుకుని ఇక వదలనంటోంది. కారు గేటుకు అడ్డంగా, తలుపులో ఇరుక్కున్న మంచంలా నిలబడింది. ఎడమ తలుపులు గేటు స్తంభానికి ఆనుకున్నాయి, కుడివైపువి గోడకు కొట్టుకుని జానెడు కూడా తెరుచుకోవడం లేదు. వెనకనుంచి ఆటోలు, బైకులు వచ్చి చేరాయి. ఇక సలహాల వాన మొదలైంది.

"ఎనకకు తియ్యి శామప్పా!"

"ఎనక ఆటో ఉన్నది, ముంగటికే గొట్టు!"

"ముంగట స్తంభం ఉన్నది గదా!"

"అవ్వలను దింపుండ్రి, బండి తేలికైతది!"

"ఎటునుంచి దింపుతవ్ అన్నా, ఆకాశం నుంచా?"

శాంతవ్వ కిటికీలోంచి కోళ్ళను అందించింది. కట్టు ఊడి అవి పాస్టరు గారి తెల్ల అంగీ మీదుగా లోపలికి ఎగిరిపోయాయి. లోపల కీర్తన ఒక చరణం కుంటింది. గుమ్మడికాయ కిటికీలో పట్టలేదు. "కాయను కొయ్యుండ్రి," అన్నారెవరో. "దేవునికి ముక్కలిస్తర్రా?" అని శాంతవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని పిల్లను కాపాడుకున్నట్టు కావలించుకుంది.

నాయన ఇంకోసారి బలమంతా పెట్టి తిప్పాడు. మెడ నరాలు పైకి తేలాయి. ఖాజా భాయ్ కోసిన రేకు అంచు టైరులోకి దిగింది.

ఢాం!

కీర్తన పూర్తిగా ఆగిపోయింది.

నాయన ఇంజన్ ఆపాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూసుకున్నాడు, ఆ చూపుకు ఎంత కనిపించిందో గానీ.

"ఇగ చాలు కొడుకా," అన్నాడు చిన్నగా. "చేతులు గూడ పోయినయి."

నవ్వు ఆగిపోయే చోటు అని ముందే చెప్పానే, అది ఇదే. కళ్ళు పోతున్నాయంటే తట్టుకున్న మనిషి, చేతులు పోయాయని కుంగిపోయాడు. నేను నోరు తెరిచే లోపలే బయట ఎవరో వంగి చూసి కేక పెట్టారు.

"శామప్పా, గివేం చక్రాలు? ట్రాక్టరువా?"

నాయన ముఖం నావైపు తిరిగింది. కిటికీలోంచి చెయ్యి చాపి, కిందికి వంగి, టైరును తడిమాడు. ఒకసారి కాదు, చాలాసేపు.

"ఇవి మనయి గావు."

"కొత్తయి ఏయించిన నాయనా. నీ చేతులకేం గాలేదు, అంత చక్రాల తప్పే. నా తప్పు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని."

నాయన చేతికంటిన మసి తుడుచుకుని, "ఇచ్చినవ్," అన్నాడు.

తర్వాత పది పన్నెండు మంది మగవాళ్ళు కలిసి కారు వెనక భాగాన్ని అవ్వలతో సహా ఎత్తి పక్కకు జరిపారు. పల్లకీ ఎక్కినట్టుందని శాంతవ్వ మాత్రం తెగ సంతోషపడింది. వేలంలో ఆ గుమ్మడికాయను నేనే పాడుకోవాల్సి వచ్చింది, నాకు పోటీగా ఎవరూ నోరెత్తలేదు. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని వండలేదు, నాతో మాట్లాడనూ లేదు.

ఎలాగైనా సరిచేయాలని పాత చక్రాలు వెతుక్కుంటూ ఖాజా భాయ్ దగ్గరికి పరిగెత్తాను. అవి ఎక్కిస్తే నాయన ఇంకొక్కసారి, ఖాళీ చర్చి ఆవరణలోనైనా, తన చేతులు పోలేదని చూసుకుంటాడని నా ఆశ. వేరే పాత చక్రాలు దొరకవా అని మీరడుగుతారు. నేనూ అదే అన్నాను. "నా చక్రాలుంటే ఎక్కుత, లేకుంటే లేదు," అన్నాడు నాయన. చూపు రోజురోజుకూ తగ్గుతోంది. ఆలస్యమైతే ఏ చక్రాలూ పనికిరావు.

ఖాజా భాయ్ గడ్డం గోక్కున్నాడు. "రెండు కొల్హార్‌ల పాత ఇనుము కొనెటోనికి పోయినయి భయ్యా. అవి కరిగిపోయుంటయి. రెండు మాత్రం చిమ్కోడ్ నర్సయ్య తీస్కపోయిండు, ఎడ్లబండికి."

రెండైనా దొరికితే ముందువైపు వేసి, మిగతా రెండింటి సంగతి నాయనను బతిమాలుకుందామనుకున్నాను. ఆయన తానూ వస్తానన్నాడు. "నావో కావో తడిమితే గాని తెల్వది," అన్నాడు. ఆటో మాట్లాడుకుని ఇద్దరం చిమ్కోడ్ వెళ్ళాం. నాయన ఆటో వెనక సీట్లో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. సరిగ్గా కూర్చోవడం తెలియనివాడిలా ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు.

చేలల్లో కంది కోతలు జోరుగా సాగుతున్నాయి. పాత కారు ఇరుసుతో చేయించుకున్న నర్సయ్య బండి చేను గట్టున నిలిచి ఉంది, సగం కంది మోపులతో. నాయన వంగి చక్రం అంచు వెంట వేళ్ళు నడిపించాడు. ఒక సొట్ట దగ్గర ఆగాడు.

"ఇదే. సేట్ బిడ్డ పెండ్లికి పోతుంటే రాయి తాకింది."

నేను నర్సయ్యను పక్కకు పిలిచాను. "అన్నా, ఇవి మాకు గావాలె. బదులు కొత్తయి ఏయిస్త."

"ఎందుకియ్యనన్నా? కోతలు కానియ్యి. ఇప్పుడు ఇప్పితే నా బండి నేల మీద కూసుంటది, కంది చేన్ల రాలిపోతది. అయినంక నేనే తెచ్చి ఇస్త."

"అయినంక అంటే... అప్పటికి మా నాయనకు..."

నాయన విన్నాడు. చక్రం మీదినుంచి చెయ్యి తీయకుండానే అన్నాడు.

"ఉండనీ రా. దానికైన పని దొరికింది."

నేను ఎడ్లకు అవతలి పక్కకు వెళ్ళి ముఖం దాచుకున్నాను. ఒక ఎద్దు నా చొక్కా చివర నమలడం మొదలుపెట్టింది. అడ్డుకునే అర్హత నాకు లేదనిపించి నమలనిచ్చాను.

నర్సయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పగ్గాలు తెచ్చి నాయన చేతిలో పెట్టాడు.

"ఎక్కు మామా. కల్లం దాక తోలు."

"నాకు సక్కగ కనవడదు బిడ్డా."

"నీకు కనవడకుంటే ఏమాయె? ఎడ్లకు కనవడ్తది తియ్యి!"

నాయన పగ్గాలను వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత ఎక్కి ముందు కూర్చున్నాడు. కుదురుగా సర్దుకుని, ఎడమ కాలితో క్లచ్ కోసం గాల్లో వెతికాడు. దొరక్కపోతే తనలో తానే చిన్నగా నవ్వాడు. పండుగ తర్వాత అదే మొదటి నవ్వు. పగ్గం కదిలించాడు. ఆయన చక్రాలు ఆయన కింద మెల్లగా దొర్లాయి. నేను బండి పక్కన నడుస్తూ, కంది మోపులు సర్దుతున్నట్టు నటిస్తూ, ఏడుస్తున్నాను.

కొంత దూరం పోయాక నాయన తల తిప్పకుండానే పిలిచాడు.

"ఒరేయ్, నడుస్తున్నవా? ఎక్కి ఎనక కూసో. కిందికి మాత్రం చూడకు. చక్రాల మీద నీ కన్ను వడితే, కల్లం అచ్చేలోపల మళ్ళ మారుస్తవ్!"

నర్సయ్య పడీ పడీ నవ్వాడు. నేను ఎక్కి కూర్చున్నాను, బుద్ధిగా ఆకాశం వైపు చూస్తూ.

కనుక చిమ్కోడ్ కంది చేల సాక్షిగా, నా చొక్కా తిన్న ఎద్దు సాక్షిగా, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో గుండ్రంగా ఉన్న ఏ వస్తువునూ పెద్దది చెయ్యను, అది అమ్మ చేసే జొన్నరొట్టె అయినా సరే. ఒకవేళ బుద్ధి గడ్డి తిని చేసినా, మా నాయనకు చెప్పి చేస్తాను.